వినడానికే ఎక్కువ ఖర్చు

(స్వర్ణోత్సవాల రెండో రోజు ఉదయం సభలో చేసిన ప్రసంగ పాఠం)



కమిటీ వాళ్లు నాకు రెండు షరతులు పెట్టారు. ఇన్నేళ్లుగా నువ్వు చేస్తున్న పనేమిటో చెప్పాలి, అది పదో తరగతి పిల్లలకు అర్థం కావాలి అన్నారు. మొదటిది ఒక్క వాక్యంలో తేలిపోతుంది. సెల్‌ఫోన్లలో, ఇంకా చిన్న చిన్న వైర్‌లెస్ పరికరాల్లో ఉండే రేడియో చిప్ బ్యాటరీని తక్కువ తినేటట్టు చూడటం నా ఉద్యోగం. ఇరవై ఎనిమిదేళ్లుగా అదే పని. రెండో షరతు కోసమే ఈ అరగంట.

నిన్న రాత్రి భోజనాల దగ్గర మా బ్యాచ్ వాడొకడు నన్ను పట్టుకున్నాడు. "ఒరేయ్, పొద్దున్నుంచి ఫోను జేబులోంచి తియ్యలేదు. ఎవరితోనూ మాట్లాడలేదు. అయినా సగం చార్జింగ్ పోయింది. లోపల అది ఏం చేస్తోందిరా?" అని అడిగాడు. "వింటోంది" అన్నాను. నేను మాట తప్పిస్తున్నాననుకున్నాడు. చాలా వరకు సమాధానం అదే.

రేడియోలో మాట్లాడటానికే కరెంటు కావాలి, వినడానికి పెద్దగా ఏమీ అక్కర్లేదు అని మనందరికీ ఒక నమ్మకం. ఆకాశవాణి ట్రాన్స్‌మిటర్‌కు కిలోవాట్లు కావాలి, మన ఇంట్లో ట్రాన్సిస్టర్‌కు నాలుగు పెన్సిల్ సెల్స్ చాలు కదా. చిన్న పరికరాల దగ్గరకొచ్చేసరికి లెక్క మారిపోతుంది. పది మీటర్ల దూరం మాట్లాడే బ్లూటూత్ చిప్ మాట్లాడేటప్పుడు సుమారు 5 మిల్లీ ఆంపియర్ల కరెంటు తీసుకుంటుంది. వినేటప్పుడూ దాదాపు అంతే. తేడా అంతా సమయంలో ఉంది. మాట్లాడటం మన చేతిలో పని. చెప్పాల్సింది ఉన్నప్పుడు లేచి, సెకనులో వెయ్యో వంతులో చెప్పేసి పడుకోవచ్చు. వినడం అలా కుదరదు. ఎవరు ఎప్పుడు పిలుస్తారో తెలియదు కాబట్టి, పిలుపు రాని సమయమంతా కూడా చెవి తెరిచే ఉండాలి. మా రంగంలో దీన్ని ఖాళీ వినికిడి అంటాం. బ్యాటరీని నిజంగా తినేది అదే.

పిల్లలూ, ఇక్కడ ఒక భాగహారం చెయ్యాలి. కారు తాళాల్లో, బరువు చూసుకునే మిషన్లలో వేసే గుండ్రటి బటన్ సెల్ చూసే ఉంటారు. దాని మీద సీఆర్2032 అని రాసి ఉంటుంది. 20 అంటే దాని వ్యాసం 20 మిల్లీమీటర్లు, 32 అంటే మందం 3.2 మిల్లీమీటర్లు. అందులో సుమారు 220 మిల్లీ ఆంపియర్-గంటల చార్జి ఉంటుంది. 5 మిల్లీ ఆంపియర్లు తింటూ ఎప్పుడూ వినే చిప్‌కు అది ఎన్నాళ్లు వస్తుంది? 220ని 5తో భాగిస్తే 44 గంటలు. రెండు రోజులు కూడా కాదు. ఒక్క మాట మాట్లాడకుండా, ఒక్క పిలుపు రాకుండా, ఊరికే చెవి ఒగ్గి కూర్చున్నందుకే సెల్ చచ్చిపోతుంది.

దీనికి అందరికీ తట్టే ఉపాయం కునుకు తీస్తూ వినడం. సెకనుకు ఒకసారి లేచి, 5 మిల్లీసెకన్లు విని, మళ్లీ పడుకోవడం. అంటే రెండువందల వంతుల్లో ఒక వంతు సమయమే మెలకువ. సగటు కరెంటు 25 మైక్రో ఆంపియర్లకు పడిపోతుంది. అదే సెల్ 8,800 గంటలు వస్తుంది. ఏడాదికి 8,760 గంటలు కాబట్టి, సరిగ్గా ఏడాది.

సెల్‌ఫోన్లు చేసేది ఇదే. మన తరగతి గదిలో హాజరు వేసే పద్ధతి గుర్తు తెచ్చుకోండి. మాస్టారు ఒకటో నంబరు నుంచి పిలుస్తుంటే, 37వ నంబరు వాడు మొదటి నుంచీ చెవులు రిక్కించి కూర్చోడు. కబుర్లు చెప్పుకుంటూ ఉండి, 35 దగ్గర సర్దుకుంటాడు. ఫోనుకూ అలాగే తన వంతు ఉంటుంది. సిమ్‌లో ఉండే నంబరును బట్టి, ఏ క్షణంలో మేలుకుని వినాలో నెట్‌వర్క్‌కూ తెలుసు, ఫోనుకూ తెలుసు. మీకు కాల్ వస్తే టవర్ సరిగ్గా ఆ క్షణంలోనే పిలుస్తుంది. 4జీలో ఈ వంతు 0.32 సెకన్ల నుంచి 2.56 సెకన్ల దాకా ఉంటుంది. 1.28 సెకన్లు పెట్టారనుకుందాం. రోజుకు 86,400 సెకన్లు. భాగిస్తే 67,500. మీ ఫోను రోజుకు అరవై ఏడు వేల ఐదు వందల సార్లు లేచి, తనకు ఏమైనా ఉందా అని చూసి, లేదని పడుకుంటోంది. మీకు రోజుకు వచ్చే కాల్స్ ఇరవయ్యో ముప్ఫయ్యో. మిగతా లేవడాలన్నీ వట్టివే.

లేవడమంటే కళ్లు తెరిచినంత తేలిక కూడా కాదు. రేడియోలోని డోలకం నిలకడకు రావాలి, టవర్ పౌనఃపున్యంతో, సమయంతో సరిచూసుకోవాలి, అందిన సంకేతాన్ని విప్పి చదవాలి, అప్పుడు గానీ అది మనది కాదని తెలియదు. అసలు వినే సమయం కంటే ఈ సన్నాహానికే ఎక్కువ పోతుంది. ఎక్కువ సేపు పడుకుంటే సన్నాహం పెరుగుతుంది కూడా. లక్షకు రెండు వంతులు తప్పే గడియారం, మామూలు క్వార్ట్జ్ స్ఫటికానికి అది మంచి పనితనమే, గంట నిద్రలో 72 మిల్లీసెకన్లు అటో ఇటో జరుగుతుంది. అందుకని ముందే లేచి కాచుకోవాలి. 37వ నంబరు వాడికి మాస్టారు ఎంత వేగంగా పిలుస్తున్నారో తెలియకపోతే 30 దగ్గరే కబుర్లు ఆపాలి కదా, అలాగ.

ఫోన్ల సంగతి సరే, రాత్రికి చార్జింగ్ పెట్టుకుంటాం. చార్జింగ్ పెట్టలేని వస్తువుల దగ్గర అసలు చిక్కు వస్తుంది. నీళ్ల మీటర్లు, గ్యాస్ మీటర్లు, పైపుల మీద వాల్వులు, పొలంలో తేమ చూసే పరికరాలు. సెల్‌ఫోన్ ప్రమాణాలు రాసే 3జీపీపీ అనే అంతర్జాతీయ కూటమి ఇలాంటి వాటి కోసం ఎన్‌బీ-ఐఓటీ అనే పద్ధతి తయారు చేసేటప్పుడు ఒక లక్ష్యం పెట్టుకుంది. 5 వాట్-గంటల బ్యాటరీతో పదేళ్లు నడవాలి. 5 వాట్-గంటలంటే మన వరండాలో 5 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఒక్క గంట వెలిగేంత. ఆ ఒక్క గంట కరెంటును 87,600 గంటలకు పంచుకోవాలి. వచ్చేది 57 మైక్రోవాట్లు. (హైదరాబాద్ ఐఐటీలో పుట్టిన ఒక సంస్థ ఎన్‌బీ-ఐఓటీ చిప్‌ను రూపొందించింది. దాని పేరు కోలా. రోజుకు ఇరవై గంటలు నిద్రపోయే ఆస్ట్రేలియా జంతువు అది. పేరు పెట్టినవాళ్లు పని తెలిసినవాళ్లు.)

పదేళ్లు రావాలంటే ఇంకా ఎక్కువ సేపు పడుకోబెట్టడం ఒక మార్గం. ఎన్‌బీ-ఐఓటీ పరికరం రెండున్నర గంటలకు పైగా చెవి మూసుకుని ఉండే ఏర్పాటు ప్రమాణంలోనే ఉంది. ఇంకో ఏర్పాటులో అయితే పరికరం తనంతట తాను లేచి మాట్లాడితే తప్ప దాన్ని ఎవరూ పిలవలేరు. నెలకోసారి రీడింగ్ పంపే మీటరుకు ఇది బంగారం. కానీ వాల్వు సంగతి చూడండి. అర్ధరాత్రి వీధిలో పైపు పగిలింది. ఆఫీసులో ఉన్నవాడు మీట నొక్కాడు. వాల్వు రెండు గంటల తర్వాత నిద్రలేస్తుందట. ఈలోగా వీధి చెరువవుతుంది. తాళం కూడా అంతే. వైర్‌లెస్ తాళం పది సెకన్లకోసారి వింటే ఆ బటన్ సెల్ లెక్కకు పదేళ్లు వస్తుంది, నిజమే. కానీ రాత్రిపూట వానలో గుమ్మం ముందు పది సెకన్లు నిలబడి చూడండి, ఆ తాళాన్ని వెనక్కిచ్చేస్తారు. బ్యాటరీ కావాలంటే ఆలస్యం భరించాలి, ఆలస్యం వద్దంటే బ్యాటరీ వదులుకోవాలి. ఎంతో మంది ఇంజనీర్ల జీవితం ఈ రెండింటి మధ్య బేరంతోనే గడిచింది.

ఈ బేరం నుంచి బయటపడే దారి కొత్తగా కనిపెట్టింది కాదు, నూరేళ్ల కిందటి ఓడల దగ్గరుంది. టైటానిక్ మునిగిన 1912 ఏప్రిల్ 14 రాత్రి, దగ్గర్లో కాలిఫోర్నియన్ అనే ఓడ మంచు మధ్య ఆగి ఉంది. దానిలో వైర్‌లెస్ ఆపరేటర్ ఒక్కడే. పగలంతా పని చేసి, రాత్రి పదకొండున్నర ప్రాంతంలో సెట్టు ఆపి పడుకున్నాడు. పది నిమిషాలకే టైటానిక్ మంచుకొండను ఢీకొంది. ఆ తర్వాత వచ్చిన కేకలేవీ కాలిఫోర్నియన్‌కు వినపడలేదు. అతన్ని తప్పుపట్టడానికి లేదు. ఒక్క మనిషి ఇరవై నాలుగు గంటలూ వినలేడు. ప్రతి ఓడలోనూ ముగ్గురు ఆపరేటర్లను పెట్టడం యజమానులకు భారం. అప్పటి బ్యాటరీ మనిషి, ఖాళీ వినికిడి ఖర్చు జీతం.

దీనికి 1927లో వాషింగ్టన్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశంలో ఒక పద్ధతి ఖాయం చేశారు. ప్రమాదంలో ఉన్న ఓడ ముందుగా పన్నెండు గీతలు పంపాలి. ఒక్కో గీత నాలుగు సెకన్లు, గీతకూ గీతకూ మధ్య ఒక సెకను విరామం. మొత్తం దాదాపు నిమిషం. మిగతా ఓడల్లో ఆపరేటర్ నిద్రపోతున్నా, ఒక చిన్న యంత్రం మాత్రం వింటూ ఉంటుంది. దానికి మోర్స్ భాష రాదు. వార్త అర్థం కాదు. నాలుగు సెకన్ల గీత, ఒక సెకను ఖాళీ, మళ్లీ నాలుగు సెకన్ల గీత, ఇలా వరసగా కొన్ని వస్తే గుర్తుపట్టి ఆపరేటర్ గదిలో గంట మోగించడం ఒక్కటే దానికి తెలుసు. ఆపరేటర్ లేచి హెడ్‌ఫోన్ పెట్టుకున్నాక అసలు వార్త.

ఆ సంకేతాన్ని తయారు చేసినవాళ్ల తెలివి చూడండి. ఉరుములు మెరుపుల వల్ల రేడియోలో చిటపటలు వస్తాయి కానీ నాలుగు సెకన్లు నిలకడగా మోగవు. మామూలు మోర్స్‌లో అంత పొడుగు గీత ఉండదు. కాబట్టి యంత్రం పొరపాటున లేపే అవకాశం తక్కువ. అదే సమయంలో అది ఎంత మొద్దు యంత్రమైనా గుర్తుపట్టగలిగేంత తేలిక. వినేవాడి పని తగ్గడానికి పిలిచేవాడు దాదాపు నిమిషం ఖర్చు పెడుతున్నాడు. నేటి వేకప్ సిగ్నల్‌కు సంబంధించిన సూత్రాలన్నీ ఈ పన్నెండు గీతల్లో ఉన్నాయని నేను కొత్తగా చేరిన ఇంజనీర్లకు చెప్తుంటాను.

ఓడల దాకా ఎందుకు, మన ఊళ్లో దండోరా చూసినవాళ్లు ఇక్కడ చాలా మంది ఉన్నారు. ముందు డప్పు మోగేది. డప్పులో వార్త ఏమీ లేదు. చెయ్యి కడుక్కుంటున్నవాళ్లు, కునుకు తీస్తున్నవాళ్లు గుమ్మంలోకి వచ్చాక, కాలవకు నీళ్లు ఎప్పుడు వదులుతారో అప్పుడు చెప్పేవాడు. డప్పు గుర్తుపట్టడానికి సగం నిద్రలో ఉన్న చెవి చాలు. మాట అర్థం కావడానికి పూర్తి మెలకువ కావాలి. పరికరంలో కూడా రెండు చెవులు పెట్టాలన్నది ఆలోచన. ఒకటి అన్నీ తెలిసిన ఖరీదైన చెవి, ఎప్పుడూ నిద్రలో ఉంటుంది. రెండోది డప్పు తప్ప ఏమీ తెలియని చవక చెవి, ఎప్పుడూ మేలుకుని ఉంటుంది.

చవక చెవి ఎలా చేస్తారు? ఫిజిక్స్ ల్యాబ్‌లో డయోడ్ రేడియో చేసినవాళ్లకు సగం తెలిసినట్టే. ఒక తీగచుట్ట, ఒక కెపాసిటర్, ఒక డయోడ్, ఇయర్‌ఫోన్. బ్యాటరీ లేకుండానే దగ్గర్లోని స్టేషన్ వినపడేది. అది పౌనఃపున్యాన్ని కొలవదు, సంకేతం బలం ఎక్కువైందా తగ్గిందా అన్నది మాత్రమే చూస్తుంది. మంచి రిసీవర్‌లో కరెంటు తినే డోలకం, మిక్సర్, గణితం చేసే భాగం ఇవేవీ దానికి అక్కర్లేదు. కాబట్టి పిలుపును కూడా ఉంది, లేదు, ఉంది, ఉంది, లేదు అన్న పద్ధతిలో పంపుతారు. కొన్ని మైక్రో ఆంపియర్లతో పని జరిగిపోతుంది. 3 మైక్రో ఆంపియర్లు అనుకుంటే మన బటన్ సెల్ లెక్క ప్రకారం ఎనిమిదేళ్లు దాటుతుంది, అదీ ఒక్క క్షణం కూడా చెవి మూయకుండా.

ఇది ఇప్పటికే మీలో కొందరి జేబుల్లో ఉంది. బటన్ నొక్కకుండా దగ్గరికి వెళ్తే తలుపు తెరుచుకునే కార్లున్నాయి కదా. హ్యాండిల్ ముట్టుకోగానే కారు 125 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక పిలుపు పంపుతుంది. మీటరో రెండు మీటర్లో తప్ప పోదు. జేబులోని తాళంలో ఉన్న చవక చెవి దాన్ని విని అసలు చిప్‌ను లేపుతుంది. అది లేచి, చాలా కార్లలో 433 మెగాహెర్ట్జ్ మీద, రహస్య సంకేతంతో జవాబు చెప్తుంది. కారులో పెద్ద బ్యాటరీ ఉంది కాబట్టి గట్టిగా అరిచే పని కారుది. తాళంలో ఉన్నది బటన్ సెల్ కాబట్టి దానికి తేలిక పని. శక్తి ఉన్నవాడి మీద భారం వేయడం అంటే అదే.

అన్నీ ఇంత బాగుంటే ఇన్నేళ్లు ఎందుకు పట్టిందని అడుగుతారు. చవక చెవికి చెవుడు. మంచి రిసీవర్‌కు అందే సంకేతం కంటే వెయ్యి రెట్లు, కొన్నిసార్లు లక్ష రెట్లు బలమైనదైతే తప్ప దానికి వినపడదు. కారు తాళానికి ఒక్క మీటరు చాలు కాబట్టి సరిపోయింది. టవర్ నుంచి రెండు కిలోమీటర్ల దూరంలో, నేలలో పాతిన పెట్టెలో ఉన్న మీటరుకు ఏం చెయ్యాలి? ఓడలవాళ్లు చేసిందే చెయ్యాలి. నెమ్మదిగా, పొడుగ్గా, ముందే అనుకున్న వరసలో పంపాలి. ఒక్కో ముక్క గాలిలో కలిసిపోయినా మొత్తం వరస గుర్తుపట్టేలా ఉండాలి. చవక చెవికి కాస్త శక్తి కూడా ఇవ్వాలి. ఎంత ఇవ్వాలన్న దగ్గరే మా తగాదాలన్నీ.

రెండో చిక్కు పొరపాటు లేపడం. ప్రధాన రేడియో కుంభకర్ణుడు. లేపడానికే బోలెడు ఖర్చు, లేచాక తిండి అంతకంటే ఎక్కువ. లెక్క చూద్దాం. 3 మైక్రో ఆంపియర్ల చెవి గంటకు తినేది సుమారు 11 మిల్లీ ఆంపియర్-సెకన్లు. ప్రధాన రేడియో ఒకసారి లేచి, పదో వంతు సెకను ఉండి, ఏమీ లేదని పడుకుంటే అర మిల్లీ ఆంపియర్-సెకను. అంటే గంటకు ఇరవై సార్లు ఉత్తపుణ్యానికి లేపితే బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది. ఆఫీసు ప్రజెంటేషన్లలో చెవి ఎంత తక్కువ తింటుందో పెద్ద అక్షరాల్లో చూపిస్తారు. గంటకు ఎన్నిసార్లు పొరపాటున లేపుతుందని నేను ముందు అడుగుతాను. చాలాసార్లు మైక్రోవేవ్ ఓవెన్ పక్కన పెట్టి చూసినవాళ్లే ఉండరు.

ఈ లెక్కలు నాకు ఉద్యోగంగా ఉన్నంత కాలం అవి అంకెలే. మా అమ్మకు పేస్‌మేకర్ పెట్టిన తర్వాత అవి వేరేగా కనిపించడం మొదలైంది. పేస్‌మేకర్‌లో బ్యాటరీ మార్చడం ఉండదు. అది సీలు వేసిన డబ్బా. అయిపోతే మళ్లీ ఆపరేషన్ చేసి డబ్బా మొత్తం మార్చాలి. దానిలోనూ రేడియో ఉంది. మంచం పక్కన ఒక పెట్టె పెట్టి, రాత్రిపూట సమాచారం తీసుకుంటుంది. నేను వివరంగా చెప్పబోతే అమ్మ ఒక్కటే అడిగింది. "రాత్రంతా అది నా మాట వింటూ కూర్చుంటే దానికి నిద్ర ఎప్పుడు నాన్నా?"

సరైన ప్రశ్న. అలాంటి పరికరం మొత్తం వాడకం పది మైక్రో ఆంపియర్ల చుట్టుపక్కల అనుకోండి. ఎక్కువ భాగం గుండెను నడిపించడానికే పోతుంది, పోవాలి కూడా. బ్యాటరీ పదేళ్లు వచ్చేదనుకుంటే, రేడియో వినడానికి అదనంగా ఒక్క మైక్రో ఆంపియర్ పోయినా దాదాపు ఏడాది తగ్గుతుంది. శరీరంలో పెట్టే పరికరాల కోసం చేసిన కొన్ని రేడియో చిప్‌లలో మేలుకొలుపు వినే భాగం సగటున పావు మైక్రో ఆంపియర్‌తో సరిపెట్టుకుంటుంది. ఆ లెక్కన పోయేది మూడు నెలలు. డెబ్బై తొమ్మిదేళ్ల మనిషికి రెండో ఆపరేషన్ ఒక ఏడాది ముందు రావడానికీ మూడు నెలలు ముందు రావడానికీ ఉన్న తేడా, మైక్రో ఆంపియర్‌లో ముప్పావు వంతు. మా గ్రూపులో ఎవరైనా "ఒక్క మైక్రో ఆంపియరే కదా సార్" అంటే నేను ఇప్పుడు కొంచెం ఎక్కువ సేపే మాట్లాడతాను.

దీంట్లోనే ఇంకో ప్రమాదముంది. చవక చెవికి తాళాలు, సంతకాలు పరిశీలించే తెలివి ఉండదు. పిలుపు తెలిసినవాడు ఎవడైనా లేపవచ్చు. లేపి, ఏమీ చెప్పకుండా, మళ్లీ మళ్లీ లేపుతూ ఉంటే బ్యాటరీ ఖాళీ అవుతుంది. మా రంగంలో దీనికి నిద్రపోనివ్వని దాడి అని పేరు. ఇది ఊహ కాదు. 2017 ఆగస్టులో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఆ దేశంలోని సుమారు 4,65,000 పేస్‌మేకర్లకు సాఫ్ట్‌వేర్ మార్పును ఆమోదించింది. దగ్గరలో ఉన్నవాడు అనుమతి లేకుండా ఆదేశాలు పంపి బ్యాటరీని తొందరగా ఖాళీ చేయగలడన్నది అందుకు చెప్పిన కారణాల్లో ఒకటి. ఎవరికీ హాని జరిగినట్టు సమాచారం లేదు, అయినా మార్చారు. కారు తాళాల్లో దొంగలు వేరే దారి కనిపెట్టారు. ఇంట్లో బల్ల మీద ఉన్న తాళం దాకా కారు పిలుపును రెండు పెట్టెల సాయంతో చేరవేసి కారు పట్టుకుపోయారు. దానికి విరుగుడుగా కొన్ని కొత్త తాళాల్లో కదలిక గుర్తించే చిప్ పెట్టారు. తాళం కాసేపు కదలకపోతే చెవి మూసేస్తుంది. దొంగకూ దొరకదు, బ్యాటరీ కూడా మిగులుతుంది. ఒక దెబ్బకు రెండు పిట్టలు పడటం మా వృత్తిలో అరుదు, అందుకని చెప్తున్నాను.

ప్రమాణాల సంగతి తొందరగా చెప్పేస్తాను. వైఫై వాళ్లు 2021లో 802.11బీఏ అనే ప్రమాణం తెచ్చారు. మేలుకొలుపు చెవి ఒక మిల్లీవాట్ లోపు నడవాలన్నది లక్ష్యం. అందులో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. డప్పు కొట్టే ముందు మామూలు వైఫై భాషలో ఒక చిన్న ముక్క పంపుతారు. అది నిద్రలో ఉన్నవాడి కోసం కాదు, చుట్టుపక్కల మేలుకుని ఉన్నవాళ్లు కాసేపు నోరు మూసుకోవడం కోసం. సెల్‌ఫోన్ వైపు 3జీపీపీ 15వ విడతలో, 2018లో, మీటర్ల లాంటి పరికరాలకు మొదటి వేకప్ సిగ్నల్ వచ్చింది. 17వ విడతలో 5జీ ఫోన్లకు ముందస్తు సూచన వచ్చింది. హాజరు పట్టీ మొత్తం చదివే ముందు "ఈ రోజు రెండో బెంచీకి పిలుపు ఉంది" అని చెప్పడం లాంటిది. మిగతా బెంచీలు పడుకోవచ్చు. విడిగా చవక చెవి పెట్టే పద్ధతిని 18వ విడతలో అధ్యయనం చేసి, 19వ విడతలో ప్రమాణంగా రాశారు.

ఇక్కడ ఇంకా తెగని పేచీ ఒకటుంది. టవర్లవాళ్లు కూడా కరెంటు బిల్లు తగ్గించుకోవాలనుకుంటున్నారు. రాత్రిపూట వాళ్లూ పడుకుంటామంటున్నారు. చవక చెవి దారి తప్పకుండా ఉండాలంటే టవర్ అప్పుడప్పుడూ గుర్తు సంకేతం పంపుతూ ఉండాలి, అంటే టవర్ మేలుకోవాలి. ఇద్దరూ పడుకుంటే పిలిచేదెవరు? నా వరకు నేను టవర్ వైపు కాదు. టవర్‌కు కరెంటు తీగ ఉంది, బ్యాటరీ బ్యాంకు ఉంది, పాడైతే ఎక్కే మనిషి ఉన్నాడు. నేలలో పాతిన మీటరుకు ఇవేవీ లేవు. సమావేశాల్లో ఈ మాట అంటే వాళ్లు ఒక నగరంలో వేల టవర్ల లెక్క తీస్తారు. అదీ కొట్టిపారేసే లెక్క కాదు.

మా మిత్రుడి ఫోను సంగతి మిగిలిపోయింది. సగం చార్జింగ్ పోవడానికి టవర్ పిలుపు ఒక్కటే కారణం కాదు, యాప్‌లు కూడా. ప్రతి యాప్ తన సర్వర్‌ను తాను తలుపు తట్టి కొత్తవి ఏమైనా ఉన్నాయా అని అడగడం మొదలుపెడితే రేడియోకు కునుకు ఉండదు. అందుకే ఇప్పుడు యాప్‌లన్నిటి కబుర్లూ ఒకే ఉమ్మడి దారిలో వస్తాయి. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచి ఫోను కదలకుండా ఉంటే యాప్‌లన్నిటినీ ఒక్కసారే లేపి, ఒక్కసారే పడుకోబెడుతుంది. ఇంకో సంగతి, సిగ్నల్ సరిగా లేని చోట ఫోను టవర్ కోసం వెతుకుతూ ఖరీదైన చెవిని తెరిచే ఉంచుతుంది. రైలులో సిగ్నల్ పోయి వస్తూ ఉండే దారిలో వెళ్తున్నప్పుడు ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి చూడండి. తేడా మీకే తెలుస్తుంది.

ఇక పిల్లలకు ఒక పని. సైన్సు ల్యాబ్‌లో కిటికీ పక్క బల్ల మీద మూడు చిన్న బోర్డులు పెట్టాను. మూడింటిలోనూ కొత్త 2032 సెల్స్ ఈ ఉదయం 8 గంటలకు వేశాం. మొదటిది ఎప్పుడూ వింటుంది. రెండోది సెకనుకోసారి 5 మిల్లీసెకన్లు వింటుంది. మూడోదానికి 125 కిలోహెర్ట్జ్ చవక చెవి ఉంది. గోడ ప్లగ్గుకు తగిలించిన పెట్టె మీద మీట ఉంటుంది. రోజూ ప్రేయర్ తర్వాత ఒక్కసారి నొక్కండి, పలికిన బోర్డు మీద ఎర్ర లైటు వెలుగుతుంది. ఏది ఏ రోజు పలకలేదో పక్కనున్న నోటుబుక్కులో రాయండి. లెక్క ప్రకారం మొదటిది ఎల్లుండి తెల్లవారుజామున 4 గంటలకు పోవాలి. నా అంచనా ఇంకా ముందే పోతుందని, ఎందుకంటే బటన్ సెల్ నుంచి అంత కరెంటు ఏకబిగిన లాగితే అది రాసిన చార్జి మొత్తం ఇవ్వదు. ఎంత తేడా వచ్చిందో కూడా రాయండి. రెండోది వచ్చే ఏడాది ఇదే రోజుల్లో చూడాలి. మూడోది పోయేసరికి మీరెవరూ ఈ బడిలో ఉండరు కాబట్టి, వెళ్లేటప్పుడు నోటుబుక్కు తర్వాతి తరగతికి అప్పగించండి. నా ఫోను నంబరు అట్ట లోపలి వైపు రాశాను.